తన్మయికి బుగ్గలొచ్చాయి

పెళ్ళయి డబ్లిన్ దగ్గరి నేస్‌కి వచ్చాక సుధేష్ణ ముందు ప్రేమలో పడింది తనతో కాదని, మేడమీది హాట్ ప్రెస్‌తోనని రాజ్‌కిరణ్ స్నేహితులకు చెప్పి నవ్వించేవాడు. ఈ దేశంలో అలమరను ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమర హాట్ ప్రెస్. బయట నిండు జూలైలో సన్నగా వాన పడుతుంటే, ఆ తలుపు తీసి వెచ్చబడిన తువ్వాళ్ళలో ముఖం దాచుకుని నిలబడటం సుధేష్ణకు భలే ఇష్టం. అలా నిలబడ్డప్పుడు చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి పట్టుకునే మొగుడంటే ఇంకా ఇష్టం.

ఇల్లు వాళ్ళది కాదు. అద్దెకు ఇల్లు దొరికేదాకా ఉండమని రాజ్‌కిరణ్ అక్క వసుంధర తన ఇంట్లో ఓ చిన్న గది ఇచ్చింది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గది. పక్కకు తిరిగి లోపలికి దూరాల్సి వచ్చినప్పుడల్లా కొత్త దంపతులిద్దరికీ నవ్వొచ్చేది.

కొన్ని వారాలుగా హాట్ ప్రెస్‌లో పై అర మాత్రం తన్మయిది. తన్మయి వసుంధర కూతురు, ఐదేళ్ళ పిల్ల. పొద్దున్న లేవగానే బట్టలు విప్పి, ఏమీ తినకముందే దాని బరువు చూడాలి. యంత్రం మీద నుంచి దిగీ దిగగానే వెచ్చటి తువ్వాలు చుట్టి ఎత్తుకోవడం సుధేష్ణ పని.

తన్మయి సగం గుండెతో పుట్టింది. అందరికీ రెండు వైపులా పనిచేసే గుండె, దానికి ఒక్కవైపే పనిచేస్తుంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు రెండు ఆపరేషన్లయ్యాయి. మూడోది ఈ వేసవిలో డబ్లిన్‌లో చేశారు. ఒంట్లోంచి తిరిగొచ్చే రక్తం గుండెలోకి రాకుండా తిన్నగా ఊపిరితిత్తులకే వెళ్ళేలా దారి మార్చారు. కొత్త దారికి ఒళ్ళు అలవాటు పడేదాకా రక్తంలోని నీరు బయటికి ఊరి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. అలాగే చేరింది. పక్కటెముకల మధ్య గొట్టం వేసి ఆ నీరు తీశారు. గొట్టం తీసిన రోజు తన్మయి అరిచిన అరుపు గురించి వసుంధర ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడదు. ఎవరైనా అడిగితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఇంటికి పంపేటప్పుడు నీరు తీసే మందులిచ్చారు. సూది లేని సిరంజితో నోట్లో పోయాలి. పోసిన కాసేపటికి పిల్ల బాత్రూముకు పరుగెత్తాలి. ఆ మందు పనిచెయ్యాలంటే లోపలికి వెళ్ళే ద్రవం కూడా కొలతలో ఉండాలన్నారు. వసుంధర పొద్దున్నే ఆ కొలత మేరకు ఒక నీలం సీసా నింపేది. పిల్ల పాలు తాగితే అన్ని నీళ్ళు సీసాలోంచి వంపేసేది. సీసా ఖాళీ అయిందంటే ఆ రోజుకిక చుక్క కూడా లేదు.

"ఐయామ్ పార్చ్‌డ్, అత్తా," అని తన్మయి సుధేష్ణ కొంగు పట్టుకుని తిరిగేది. తెలుగు అంతా అర్థమవుతుంది గాని, మాట మాత్రం ఇక్కడి పిల్లల యాసలో ఇంగ్లీషే. పళ్ళు తోమేటప్పుడు నీళ్ళు మింగేస్తుందేమోనని వసుంధర పక్కనే నిలబడి దాని గొంతు కేసే చూస్తుండేది. వాన కురుస్తున్న ఊళ్ళో, కిటికీ నిండా నీళ్ళు కారుతుంటే, పిల్ల అలా దాహంతో అలమటించడం చూడలేక సుధేష్ణ తన నీళ్ళు కూడా గదిలోకి వెళ్ళి తాగేది.

అలాంటప్పుడు వసుంధరకు జ్వరం వచ్చింది. గొంతు నొప్పి, దగ్గు. ఊళ్ళో జీపీ డాక్టరు దగ్గరికెళితే, ఆ జలుబు పిల్లకు అంటితే ప్రమాదమని, తగ్గేదాకా వేరే గదిలో ఉండమని చెప్పాడు. తన్మయి నాన్న శ్రీధర్ ఆసుపత్రి రోజుల్లోనే సెలవులన్నీ వాడేసుకుని లెటర్‌కెన్నీలో తన ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. శనివారాలు వస్తాడు. దాంతో పిల్ల సుధేష్ణ చేతికి వచ్చింది.

వసుంధర తలుపు అవతల నుంచే పురమాయించేది.

"సుధా, మందు టైముకి పొయ్యి. సీసా నే చెప్పినంతే నింపు, జాలిపడి ఒక్క గుక్క ఎక్కువ పోశావంటే ఊరుకోను."

"పొయ్యనండీ వదినా. ఒట్టు."

"తిండి దగ్గరే దీంతో చావు. మూతి బిగించుకు కూర్చుంటుంది. ఏం పెడతావు?"

"మా కాకినాడలో ఆపరేషనయినోళ్ళకి పథ్యం అంటే మిరియాల చారేనండీ. అన్నం మెత్తగా వండేసి, చారు బాగా పోసి పిసికి పెడితే ఎంత మొండిపిల్లయినా తినేస్తాది."

తలుపు అవతల దగ్గు తెర ఒకటి వచ్చి పోయింది. "మా అమ్మ కూడా మాకు అదే పెట్టేది. పెట్టు. కాస్త కారం తగ్గించు."

తన్మయి మొదటిరోజే గిన్నె ఖాళీ చేసింది. సుధేష్ణ గర్వంతో మేడ మెట్లు రెండేసి ఎక్కి, ఖాళీ గిన్నెను గాజు తలుపులోంచి వదినకు చూపించింది. మర్నాడు పిల్ల తనంతట తనే బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

"మోర్ చారు, అత్తా."

"ఇంకా అన్నం ఉంది కదమ్మా."

"మోర్ చారు ఇన్ ఇట్. ఇట్స్ టూ డ్రై."

సుధేష్ణ ఇంకో గరిటె పోసింది. మెతుకులు చారులో ఈదులాడాయి. పిల్ల చెంచాతో జుర్రుకుని, చివర్లో గిన్నెనెత్తి రెండు చేతులతో పట్టుకుని అడుగున మిగిలింది కూడా తాగేసింది. పెదాల పైన చారు మీసం వచ్చింది.

"నాకెప్పుడూ ఇంత ప్రేమగా తినిపించలేదు," అన్నాడు రాజ్‌కిరణ్, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి.

"నువ్వు మీసం నిండా పూసుకుంటే కడగడం నావల్ల కాదు. దానికి ముచ్చటగా ఉంది, నీకు అసహ్యంగా ఉంటాది."

"మామా ఈజ్ డిస్‌గస్టింగ్," అని పిల్ల కిలకిలా నవ్వింది. ఆపరేషనయ్యాక అది అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విని మేడమీద వసుంధర తలుపు దగ్గరికొచ్చి నిలబడిందని అడుగుల చప్పుడును బట్టి సుధేష్ణకు తెలిసింది. ఆ రోజు నుంచి రెండు పూటలా చారన్నమే అయిపోయింది.

తర్వాత ఒక పొద్దున యంత్రం మీద అంకె పెరిగింది. సుధేష్ణ పిల్లను తువ్వాలుతో సహా గాల్లోకెత్తి గిర్రున తిప్పింది.

"వదినా! బరువు పెరిగిందండీ!"

"ఎంత?"

సుధేష్ణ చెప్పింది.

"ఒక్కసారే పెరిగితే ఫోన్ చెయ్యమన్నారు," అంది వసుంధర, జ్వరంతో బొంగురుపోయిన గొంతుతో. "కానీ... తింటోందిగా. తింటే పెరగదా మరి. రేపు చూద్దాంలే."

మర్నాడు ఇంకొంచెం పెరిగింది. సుధేష్ణ పిల్ల ఫోటో తీసి శ్రీధర్‌కు పంపింది. 'మా బంగారానికి బుగ్గలొచ్చాయి!' అని ఆయన ఆఫీసు నుంచే జవాబిచ్చి, వరసగా ముద్దుల బొమ్మలు పెట్టాడు. రాజ్‌కిరణ్ ఆ బుగ్గ గిల్లి, ఈ అత్త మేనకోడల్ని పహిల్వాన్ చేస్తోందన్నాడు. అందరూ నవ్వారు. సుధేష్ణ మాత్రం ఆ రాత్రి పిల్లను పడుకోబెట్టబోతూ ఆగింది. తన్మయి మేజోళ్ళు విప్పుతుంటే చీలమండ చుట్టూ గాడి పడింది. వేలితో నిమిరింది. గాడి పోలేదు. కొత్త మేజోళ్ళు, ఇలాస్టిక్ బిగువుగా ఉండి ఉంటుందని సర్దిచెప్పుకుంది.

మర్నాడు పడుకోబెడితే పిల్ల దగ్గుతోంది. లేపి కూర్చోబెడితే తగ్గుతోంది. మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే కునుకు తీసింది.

జ్వరం తగ్గిన వసుంధర ఆ మధ్యాహ్నం మాస్కు పెట్టుకుని, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి కిందికి వచ్చింది. కూతురు సోఫాలో కూర్చుని కార్టూన్ చూస్తోంది. వసుంధర గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన ముఖంలో సంతోషం కోసం ఎదురుచూస్తున్న సుధేష్ణకు ఆ కళ్ళు పెద్దవవడం కనబడింది.

"వదినా, చూశారా ఎలా..."

"అవి బుగ్గలు కాదే," అంది వసుంధర. "కళ్ళ కింద చూడు. అది నీరు. దేవుడా, అది నీరు."

డబ్లిన్ ఆసుపత్రి వార్డుకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు.

నేస్ నుంచి డబ్లిన్ దాకా రాజ్‌కిరణ్ ఒక్క మాట మాట్లాడకుండా నడిపాడు. రెడ్ కౌ కూడలి దగ్గర బళ్ళు ఆగిపోయాయి. పక్కనుంచి లువాస్ ట్రామ్ వెళుతోంది. లువాస్ కనబడితే చాలు, చెయ్యూపి డ్రైవరు తిరిగి ఊపేదాకా ఊరుకోని పిల్ల, ఇవాళ తల కూడా తిప్పలేదు. వెనక సీట్లో వసుంధర దాని వీపు నిమురుతూ, ఊపిరి తీసినప్పుడల్లా ఎగిరిపడుతున్న భుజాల కేసి చూస్తోంది. సుధేష్ణ ముందు సీట్లోంచి అద్దంలో ఆ ఇద్దర్నీ చూస్తూ, ఎందుకో తెలియకుండా తన వేళ్ళు తనే నలుపుకుంది. పెళ్ళినాటి గోరింటాకు గోళ్ళ చివర్లలో ఇంకా కొంచెం మిగిలుంది.

వార్డులో ఎక్స్‌రే తీశారు. డాక్టర్ మెక్‌గిన్లీ అని సన్నగా పొడుగ్గా ఉండే ఆవిడ వచ్చి స్టెతస్కోపుతో చాలాసేపు విన్నది. తర్వాత తల్లిని పక్కకు పిలిచింది. వెంట సుధేష్ణ కూడా వెళ్ళింది.

"కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు మళ్ళీ చేరింది. మందులు ఏ పూటైనా తప్పాయా?"

"ఒక్కటి కూడా తప్పలేదు," అంది వసుంధర.

"ద్రవం కొలత?"

వసుంధర సంచిలోంచి నీలం సీసా తీసి చూపించింది. ఆ సీసాను ఎలా వాడుతున్నదీ చెప్పింది. దాహంతో పిల్ల ఏడ్చినా ఇవ్వలేదని చెబుతుంటే కళ్ళు నిండుకొచ్చాయి. డాక్టర్ ఆమె భుజం తట్టింది.

"మీరు చెయ్యాల్సిందంతా చేశారు. అన్నీ సరిగ్గా ఉండి కూడా నీరు చేరిందంటే, ఈ మందుకు లొంగడం లేదన్నమాట. సాయంత్రం మత్తిచ్చి గొట్టం వేసే ఏర్పాటు చేస్తాను. ఆ పైన, ఆపరేషన్ చేసిన కొత్త దారిలో ఎక్కడైనా ఇరుకుందేమో తొడ నరంలోంచి వైరు పంపి చూడాలి. ఉంటే మళ్ళీ సరిచేయాల్సి రావచ్చు."

మళ్ళీ అన్న మాట దగ్గర వసుంధర గోడకు ఆనుకుంది.

పిల్ల వినదనుకున్నారు. తిరిగొచ్చేసరికి తన్మయి మంచం మీద ముడుచుకు కూర్చుని, పాత గొట్టం మచ్చ మీద రెండు అరచేతులూ అడ్డం పెట్టుకుంది.

"నాట్ ద ట్యూబ్. అమ్మా, ప్లీజ్, నాట్ ద ట్యూబ్. ఐ విల్ బీ గుడ్."

వసుంధర దాని తల నిమిరింది. శ్రీధర్‌కు ఫోన్ చెయ్యాలని బయటికి వెళ్ళింది. ఆయన అప్పటికే లెటర్‌కెన్నీలో బయల్దేరాడు, ఇంకా దూరంలో ఉన్నాడు.

అప్పుడే భోజనాల బండి వచ్చింది. పళ్ళెంలో బ్రెడ్డు ముక్క, ఓ చిన్న గిన్నెలో ఎర్రగా మెరుస్తూ జెల్లీ. తన్మయి చెయ్యి చాపింది. నర్సు ఓర్లా నవ్వుతూనే ఆ గిన్నె తీసి పక్కన పెట్టేసింది.

"సారీ బంగారం. ఇది నీ కొలతలోకి వస్తుంది."

"అది తినేది కదండీ?" అంది సుధేష్ణ ఇంగ్లీషులో. "తాగేది కాదు."

"నోట్లో ఉన్నంతసేపే జెల్లీ. కడుపులోకెళ్ళాక నీళ్ళే," అంది ఓర్లా, పిల్ల చేతికి పెట్టిన సూది మీద కట్టు కడుతూ. "సూప్, పెరుగు, ఐస్‌క్రీమ్, అన్నీ అంతే. గిన్నె వంచితే కారేది ఏదైనా నీళ్ళ కిందే లెక్క. ఇంటికి పంపేముందు అందరికీ చెబుతాం."

సుధేష్ణ ఆ జెల్లీ గిన్నె కేసే చూసింది. గిన్నె వంచితే కారేది. రెండు చేతులతో గిన్నెనెత్తి తాగుతున్న పిల్ల, పెదాల మీద చారు మీసం, మోర్ చారు అత్తా, మెతుకులు ఈదులాడుతున్న గిన్నె, దాన్ని తను మేడమీదికి మోసుకెళ్ళి చూపించిన గర్వం. పిల్ల తిన్నది తన చేతి రుచికి కాదు. దాహానికి.

నడవలో రాజ్‌కిరణ్‌ను పట్టుకుంది.

"కిరణ్, నేనే చేశాను. చారన్నం. ఆ నీరంతా నా చారే."

"ఏం మాట్లాడుతున్నావు?"

చెప్పింది. అతను ముఖం తుడుచుకుని అటూ ఇటూ చూశాడు.

"సరే, విను. మెల్లగా. ఇప్పుడు అక్కకి చెప్పకు. ఎట్లాగూ మందిస్తున్నారు, గొట్టం వేసి నీరు తీసేస్తారు. ఇంటికెళ్ళాక చారు మానేద్దాం. అక్క ఇప్పుడు ఈ మాట తట్టుకోలేదు సుధా. నిన్ను జీవితాంతం..."

ఆ తర్వాతి మాట అతను అనలేదు. అనకపోయినా ఇద్దరికీ వినబడింది. అదే ఇంట్లో ఉండాలి, అదే వంటింట్లో తిరగాలి. అద్దెకు ఇల్లు దొరికినా దొరక్కపోయినా ఆమె ఎప్పటికీ వదినే. సుధేష్ణకు ఒక్క క్షణం ఆ సలహా వెచ్చగా అనిపించింది. పట్టుకుని అందులో దాక్కోవాలనిపించింది.

"మందు పనిచెయ్యట్లేదనుకుంటున్నారు వాళ్ళు," అంది. "మళ్ళీ కోస్తారేమో కిరణ్. నేను నోరు మూసుకుంటే, దాని గుండెలో లేని తప్పు కోసం వెతుకుతారు."

"మరి అక్క..."

"తిట్టనీ. కొట్టనీ. నువ్వు నా పక్కన నిలబడతావా లేదా అది చెప్పు."

పెళ్ళయ్యాక అతన్ని ఆమె ఆ గొంతుతో అడగడం అదే మొదటిసారి. అతను తలూపాడు. కానీ ముందు నడిచింది ఆమే.

డాక్టర్, ఓర్లా, వసుంధర ముగ్గురూ మంచం దగ్గరే ఉన్నారు. సుధేష్ణ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మాటలు తడబడ్డాయి. చారు అంటే ఏమిటో చెప్పబోయి, పులుసు అని, రసం అని, చివరికి ఆగిపోయింది. పళ్ళెంలో ఖాళీ గిన్నె తీసుకుంది. చెయ్యి కడుక్కునే చోట జగ్గులో నీళ్ళు పట్టింది.

"ఇందులో ఇంత అన్నం ఉందనుకోండి. ఇలా పోస్తాను." పోసింది. "అన్నం పీల్చేసుకుంటాది. పిల్ల ఎండిపోయిందంటుంది. ఇంకోసారి." పోసింది. "చివర్లో గిన్నెత్తి తాగేముందు, ఇంకోసారి." పోసింది. నీళ్ళు అంచుదాకా వచ్చాయి. బల్లమీద కొంచెం ఒలికాయి.

"ఉప్పు వేస్తారా?" అడిగింది డాక్టర్.

"ఉప్పు లేకుండా చారా?" అని తెలుగులోనే అనేసి, సుధేష్ణ నోరు చేత్తో మూసుకుంది.

ఓర్లా ఆ గిన్నెలోని నీళ్ళను గీతలున్న జగ్గులోకి వంపింది. వసుంధర ఆ జగ్గునూ చూసింది, తన చేతిలోని నీలం సీసానూ చూసింది. రెండింటి కొలతా ఇంచుమించు ఒక్కటే.

"ఒక్క పూటకా?" అంది.

"రెండు పూటలా వదినా."

"అన్నం తిందన్నావు కదే నాకు. రోజూ తలుపు దగ్గరికొచ్చి అన్నం తిందన్నావు!" వసుంధర గొంతు వార్డంతా వినబడింది. పక్క మంచం దగ్గరున్న తల్లి తెర లాక్కుంది. "గుక్కెడు నీళ్ళకి దాన్ని ఏడిపించాను నేను. పళ్ళు తోముకుంటుంటే గొంతు పట్టుకున్నంత పని చేశాను. కన్నతల్లిని నేను రాక్షసినైతే, నువ్వు గిన్నెలు గిన్నెలు..."

"అక్కా," అని రాజ్‌కిరణ్ ఇద్దరి మధ్యకు వచ్చాడు.

"నువ్వు మాట్లాడకు!"

సుధేష్ణ తల వంచుకుని నిలబడింది. అరుపు అక్కడే తెగిపోయింది. వసుంధర ఉన్నట్టుండి కుర్చీలో కూలబడి, ఓర్లా కేసి తిరిగింది.

"ఇంటికి పంపే రోజు మీరు సూప్ అన్నారు. నాకు గుర్తుంది. మా ఇంట్లో ఎవరూ సూప్ తాగరు అని నేనే చెప్పాను. నవ్వాను కూడా." ఆమె రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. "చారు నాకు ఎప్పుడూ నీళ్ళలా కనపడలేదు. అన్నంలో కలుపుతాం కదా. పెట్టమని నేనే అన్నాను."

డాక్టర్ మెక్‌గిన్లీ ఆమె కుర్చీ దగ్గరికి జరిగింది. "ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. ఇలాంటి ఆపరేషన్ తర్వాత నీరు దానంతటదే కూడా చేరుతుంది. కానీ మందు ఓడిపోయిందనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. మందు తోడుతున్న దానికంటే మనం ఎక్కువ పోశాం. పైగా ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచింది. నరంలోంచి గట్టి మోతాదు ఇచ్చి సాయంత్రం దాకా చూస్తాను. ఊపిరి ఇంకా బరువైతే ఆగను, గొట్టం వేసేస్తాను. తేలికైతే రేపటి ఎక్స్‌రే దాకా ఆగుదాం. ఇక ఈ పిల్ల ఒంటికి ఎంత పోస్తుందన్నదే మనకు కావాలి."

మందు ఎక్కించారు. ముగ్గురూ మంచం చుట్టూ కూర్చుని పిల్ల ముఖంలోకి చూస్తూ ఉన్నారు. కాసేపటికి అది కాళ్ళు దగ్గరికి నొక్కి పెట్టుకుని మెలికలు తిరగడం మొదలుపెట్టింది.

"వస్తోందా అమ్మలూ? వెళ్దామా?"

"నో."

"వస్తున్నట్టుంది కదా?"

"నో!" పెదాలు వణికాయి. వసుంధర ఎంత బతిమాలినా లేవనంది. చివరికి సుధేష్ణ మంచం పక్క మోకాళ్ళ మీద కూర్చుని చెవి దాని నోటి దగ్గర పెట్టింది. పిల్ల గుసగుసగా అడిగింది.

"ఇఫ్ ఇట్స్ ఓన్లీ ఎ స్మాల్ వన్, విల్ దే డు ద ట్యూబ్?"

పిల్ల భయం తన భయమే. తను నిజాన్ని దాచబోయింది, అది ఒంటికి బిగబట్టుకుని కూర్చుంది, అంతే తేడా. సుధేష్ణ దాని నుదుటి మీద జుట్టు పైకి తోసింది. "చిన్నదైతే ఇంకోసారి వెళ్దాం. మళ్ళీ ఇంకోసారి. కలిపి పోస్తే పెద్దదవుతాది. దాచుకుంటే మాత్రం వాళ్ళకి ఏమీ తెలీదు."

బాత్రూములో కమోడు మీద కొలత గిన్నె పెట్టి కూర్చోబెట్టారు. మందు స్టాండు పట్టుకుని ఓర్లా, పిల్ల ఎదురుగా వసుంధర, పక్కన సుధేష్ణ. రాలేదు. పిల్ల బిగుసుకుపోయింది.

"ఉష్‌ష్‌ష్..." అంది సుధేష్ణ, పసిపిల్లలకు అన్నట్టు.

వసుంధర ఆమె వైపు చూడకుండానే అందుకుంది. "ఉష్‌ష్‌ష్..."

తలుపు బయట నుంచి రాజ్‌కిరణ్ కూడా మొదలుపెట్టాడు. "ఉష్‌ష్‌ష్ ఉష్‌ష్‌ష్..."

"వాట్ ఆర్ యూ అట్, మామా?" అని తన్మయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో జలజలమని చప్పుడు మొదలైంది. అది ఆగలేదు. సుధేష్ణ బతుకులో అంత మంచి చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఓర్లా కొలత గిన్నె వెలుతురుకు ఎత్తి పట్టుకుని కనుబొమ్మలెగరేసింది. వసుంధర గోడకేసి తిరిగి మాస్కులోపలే ఏడ్చింది.

పొద్దు వాలేలోగా ఇంకా చాలాసార్లు వెళ్ళారు. డాక్టర్ మళ్ళీ వచ్చింది. స్టెతస్కోపు వీపు మీద ఒక్కోచోట ఆనిస్తూ విన్నంతసేపూ సుధేష్ణ రాజ్‌కిరణ్ చొక్కా చెయ్యి గుప్పిట్లో పట్టుకుని నలిపేసింది.

"ఇవాళ గొట్టం వద్దు," అంది డాక్టర్. "రేపటి మాట రేపు, ఎక్స్‌రే చూశాక."

ఆమె వెళ్ళాక ఎవరూ నవ్వలేదు. రేపు అన్న మాట గదిలోనే ఉండిపోయింది. వసుంధర దుప్పటి సర్దుతూ, సుధేష్ణ కేసి చూడకుండా, మామూలు గొంతుతో అంది.

"పొద్దున వాడితో ఇంటికెళ్ళి వండుకురా. ముద్దపప్పు. గట్టిగా ఉడికించు, ఉప్పు వెయ్యకు. ఎన్ని నీళ్ళు పోశావో నాకు చెప్పాలి."

"అలాగేనండీ వదినా."

"అన్నం కూడా ఇగరబెట్టు. పొడిగా ఉండాలి."

తన్మయి దిండ్ల మీంచి తల ఎత్తింది. "అండ్ చారు?"

వసుంధర నోరు తెరిచింది. సుధేష్ణ ఆమెకంటే ముందే, "లేదమ్మా," అంది.

"జస్ట్ ఎ స్మాల్ బిట్, అత్తా."

"కొంచెం కూడా లేదు. ఒక్క చెంచా కూడా పోయను."

పిల్ల నమ్మలేనట్టు చూసింది. అమ్మ కాదన్నా అత్త కాదనదని దానికి ఇన్నాళ్ళూ ధీమా. గొంతు ఎండి, పెదాలు పొడిబారి ఉన్నాయి. సుధేష్ణ ఆ పెదాల కేసి చూస్తూనే మళ్ళీ తల అడ్డంగా ఊపింది.

"ఐ డోంట్ లైక్ యూ ఎనీ మోర్," అంది తన్మయి. అలక పట్టలేక దిండ్లన్నీ ఒకటొకటిగా కిందికి నెట్టేసి, గోడవైపు తిరిగి, మంచం మీద వెల్లకిలా కూడా కాదు, బోర్లా పడుకుంది.

ఇద్దరాడవాళ్ళూ కదల్లేదు. పడుకుంటే చాలు వచ్చే ఆ దగ్గు వస్తుందేమోనని చెవులొగ్గి విన్నారు. నడవలో ఏదో బండి చక్రాలు కిర్రుమంటూ పోయాయి. పిల్ల వీపు పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. వసుంధర చెయ్యి వచ్చి సుధేష్ణ మణికట్టును నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. సుధేష్ణ చెయ్యి లాక్కోలేదు.

దగ్గు రాలేదు. ఇంకా రాలేదు.